కంచం సీను మా మామయ్య కొయ్యలేదు

కొయ్యలేదు. ఎన్నిసార్లు చెప్పాలి? సమాధి దగ్గర మైకులో చెప్పాను, వాట్సాప్ గ్రూపులో చెప్పాను, పాస్టరుగారి ఎదురుగా నిలబడి చెప్పాను. అయినా నిన్న గ్రూపులోకి వచ్చిన సంతాప పోస్టరులో మళ్ళీ అదే వాక్యం: ‘అభిమానుల మనోభావాలను గౌరవించి, తన చిత్రంలోని అభ్యంతరకర సన్నివేశాన్ని స్వహస్తాలతో తొలగించిన సహృదయుడు.’ కింద మా మామయ్య ఫొటో. చుట్టూ బంతిపూల అంచు.

ఆ ఫొటోలో ఉన్నది మా అమ్మకి పెద్దన్నయ్య, కె. జకరయ్య మాస్టారు. సత్తెనపల్లి చుట్టుపక్కల బళ్ళలో జీవితమంతా డ్రాయింగ్ నేర్పాడు. పోయిన ఆదివారం పొద్దున వరండాలో కూర్చుని బ్లేడుతో పెన్సిలు చెక్కుతూ, సగం చెక్కిన పెన్సిలు ఒళ్ళో ఉండగానే వెళ్ళిపోయాడు. నేను హైదరాబాద్‌లో మెట్రో రైల్లో ఉన్నాను. ఫోన్ ఎప్పుడూ నా చేతిలోనే ఉంటుంది కాబట్టి, అమ్మ ఫోన్ చేసేలోపే ఆయన మరణం ఒక ఫార్వర్డ్‌గా వచ్చి నా వేలి కింద పడింది. గుడ్‌మార్నింగ్ మెసేజీ అనుకుని పైకి తోసేశాను. రెండు స్టేషన్లు దాటాక గాని అందులో ఉన్న మొహం ఎవరిదో బుర్రకెక్కలేదు. ఆ రెండు స్టేషన్లకి నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

ఆయన జ్ఞాపకార్థం చర్చిలో జరిగే ఆదరణ కూడిక రోజు పంచడానికి ఆయన పూర్వ విద్యార్థులు ఈ చిన్న పుస్తకం వేస్తున్నారు. “నాలుగు మంచి మాటలు రాయమ్మా. పాత గొడవలు కెలకొద్దు” అన్నారు మా చర్చి సంఘ పెద్ద. మంచి మాటలే రాస్తున్నాను. కాకపోతే అవి గొడవలోనే ఉన్నాయి.

తెలియనివాళ్ళ కోసం మొదటి నుంచి చెబుతాను. ఎనభైల్లో మా వైపు ఒక పుకారు తిరిగింది. ఒక పెద్ద హీరో కారు దాచేపల్లి దాటాక చెడిపోయిందట. ఆయన పేరు రాయను, మామయ్య కూడా సినిమాలో చెప్పలేదు. డ్రైవరు మెకానిక్కు కోసం వెళితే, ఈయన అక్కడి సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ముకి మొహమంతా తువ్వాలు చుట్టుకుని నడుచుకుంటూ వచ్చి, ఆకలికి ఆగలేక ఎవరింటి ముందో నిలబడి అన్నం అడిగాడట. పండుమిరప పచ్చడి కలుపుకుని తిని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. అంతే పుకారు. ఏ ఊరో, ఏ ఇల్లో ఎవరికీ తెలియదు. అందుకని ప్రతి ఊళ్ళోనూ తిన్నాడు. ప్రతి ఊళ్ళోనూ ఆయన కూర్చున్న అరుగు చూపించేవాళ్ళు.

ఈ పుకారు మీద మామయ్య వేసవి సెలవుల్లో ఒక హాస్యచిత్రం తీశాడు. కంపెనీ లేదు, స్టూడియో లేదు. పదహారు ఎం.ఎం. కెమెరా ఒకటి అద్దెకి తెచ్చి, తోటి మాస్టార్లనీ మిరప కూలీలనీ నటుల్ని చేసి, ముప్పై నిమిషాల బొమ్మ. మాటలు టేప్ రికార్డర్లో విడిగా నడిచేవి. పేరు ‘మా ఇంట్లోనే తిన్నాడు’. మొత్తానికి ఒకటే కాపీ.

ఆ రోజుల్లో పొలం పనికి వెళ్ళే, ఊరి బయటి మా పల్లెవాళ్ళకి ఆసాముల ఇళ్ళలో వేరే కంచం ఉండేది. సత్తు కంచం. తిన్నాక వాళ్ళే కడిగి పెరటి చూరులో దోపాలి. అది గడప దాటి లోపలికి రాకూడదు. సినిమాలో తువ్వాలు చుట్టుకున్న మనిషిని చూసి, కూలికొచ్చాడనుకుని, ఆ ఇంటి ఇల్లాలు చూరులో కంచం తీసుకోమంటుంది. తిని వెళ్ళిపోతాడు. సాయంత్రానికి తెలుస్తుంది, వచ్చింది ఎవరో. ఇక చూడండి, ఏడిళ్ళవాళ్ళు ఆ కంచం మాదంటే మాదని జుట్టూ జుట్టూ పట్టుకుంటారు. నిన్నటిదాకా కాలితో కూడా తాకని కంచానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దేవుడి గదిలో కూర్చోబెడతారు. మర్నాడు కూలికొచ్చిన మంగమ్మ చూరులో తడుముకుని, పెరట్లో నిలబడి అడుగుతుంది: “అమ్మగోరూ, నా కంచం ఇంట్లోకి పోయిందంటగా. దాని ఎనకాల నేను కూడా లోపలికి రానా అండీ?”

మంగమ్మ వేషం వేసింది మా అత్తయ్య మరియమ్మ. అప్పట్లో ఆవిడ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. గొడవంతా ఆ సీను గురించే.

క్లాసులో మామయ్య ఒకటే చెప్పేవాడట. ఈ పుస్తకంలో రాస్తున్న మీ అందరికీ గుర్తుండే ఉంటుంది: “ముందు కళ్ళెదురుగా ఉన్నది గియ్యండ్రా. ఉండాలనుకునేది తర్వాత గీద్దాం.” ఇన్‌స్పెక్షనుకి అధికారి వస్తున్నాడని హెడ్మాస్టరు బడి బొమ్మ గీయించమంటే, కూలిన వెనక గోడతో సహా గీయించాడట. ఆ గోడ నెల తిరక్కుండా కట్టారు, ఈయన్ని ఇంకో ఊరు బదిలీ చేశారు. అలాంటి మనిషి కంచాన్ని ఎందుకు దాస్తాడు?

కంచం సంగతి ఆ హీరో అభిమాన సంఘానికి పాకింది. దాని అధ్యక్షుడు కోటేశ్వరరావుగారి మనుషులు ఒక మధ్యాహ్నం ఇంట్లో జొరబడి ట్రంకుపెట్టెలు తిరగేశారు. రీలు దొరకలేదు. అప్పటికే అత్తయ్య ఆ డబ్బాని రంగు పోయిన తాలుకాయల గోనెసంచిలో పెట్టి, తను పనిచేసే కోల్డ్ స్టోరేజీలో మూటల మధ్య దాచేసింది. “ఏడాదిపాటు మిరపకాయలే చెడకుండా ఉంటన్నయ్యి, నీ బొమ్మకేంటి?” అందట. మామయ్య ఒప్పుకున్నాడు. కానీ ఇద్దరూ ఒక పొరపాటు చేశారు. మూత చుట్టూ టేపు వెయ్యలేదు.

మొదటి ఆట చర్చి ఆవరణలోని హాల్లో. ఆదివారం ఆరాధన అయ్యాక, మిట్టమధ్యాహ్నం, కిటికీలకి నల్లగుడ్డలు కట్టి. ప్రొజెక్టరు గుంటూరు బ్రాడీపేట నుంచి వచ్చింది. పల్లె మొత్తం వచ్చి కింద కూర్చుంది. సరిగ్గా లైట్లు తీసేముందు గుమ్మంలో కోటేశ్వరరావుగారు, వెనక ఇరవైమంది, కొందరి చేతుల్లో కర్రలు. అత్తయ్య నాకు ఎన్నోసార్లు చెప్పింది, మాట పొల్లుపోకుండా.

“ఏమయ్యా జకరయ్యా, బొమ్మ ఏస్తన్నావంట?”

“వేస్తున్నానండీ. రండి, ముందు వరసలో మీకు కుర్చీ ఉంచాను.”

“కుర్చీ ఎవడిక్కావాలయ్యా! మా వోడు చూరు కంచంలో తిన్నట్టు తీశావంటగా? ఆ ముక్క కోసి నా చేతిలో పెట్టు. లేదా డబ్బా మొత్తం ఇటివ్వు, మంట మేమే ఏసుకుంటాం.”

“తిన్నది మీవాడని నేనెక్కడా అన్లేదండీ. తువ్వాలు చుట్టుకున్నాయన.”

“ఎటకారమా? ఒరేయ్, ఆ మిషను బయటికి లాగండ్రా!”

ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. ఇంకో నిమిషం ఆలస్యమైతే తలలు పగిలేవి. మామయ్య జేబులోంచి పెన్సిళ్ళు చెక్కే బ్లేడు తీశాడు. “ఒద్దయ్యా!” అని అత్తయ్య అరిచింది. ఆయన వినలేదు. రీలులోంచి ఫిల్ము లాగి, మూరెడు ముక్క కోసి, మిగిలిన రెండు కొసలూ అతికించి, ఆ ముక్క తీసుకెళ్ళి కోటేశ్వరరావుగారి చేతిలో పెట్టాడు. “ఇదిగోండి. ఇది ఇంక సినిమాలో ఉండదు.”

ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు. గోరంత బొమ్మలు, ఏం కనబడతాయి? జేబులో వేసుకున్నాడు. కానీ పోలేదు. “ఆ కంచం తెర మీద కనబడిందో, చూస్కో” అని గుమ్మంలోనే కాపలా నిలబడ్డాడు.

బొమ్మ మొదలైంది. నవ్వాల్సినచోట ఎవరూ నవ్వడం లేదు. అందరి కళ్ళూ ఒకసారి తెర మీద, ఒకసారి గుమ్మం మీద. మామయ్య ప్రొజెక్టరు పక్కన చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. పదిహేను నిమిషాలయ్యేసరికి మిషను బాగా వేడెక్కింది. రీలు చుట్లలో నెల రోజులుగా చేరిన మిరప దుమ్ముని దాని ఫ్యాను హాలంతా చిమ్మడం మొదలెట్టింది. ముందు ఎవరో తుమ్మారు. తర్వాత హాలు హాలంతా దగ్గు. “మిరపకాయలు కాల్చార్రా దొంగ సచ్చినోళ్ళు!” అని కేకలేస్తూ కోటేశ్వరరావుగారూ, ఇరవైమందీ కళ్ళు మూసుకుని బయటికి పరుగెత్తారు. మాస్టార్లూ పరుగెత్తారు. పాస్టరుగారూ పరుగెత్తారు. తొడిమలు తీసే ఆడవాళ్ళు మాత్రం కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. వాళ్ళకి అది రోజూ ఉండే గాలే.

అప్పుడొచ్చింది కంచం సీను.

తెర మీద అత్తయ్య లోపలికి రానా అని అడిగినప్పుడు, కిందనుంచి ఒకావిడ గట్టిగా అరిచిందట, “ఇంకోసారి అడగవే మరియమ్మా!” అని.

ఆ సినిమా మళ్ళీ ఆడలేదు. ప్రొజెక్టరు ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఆ రోజు బయటికి పోయినవాళ్ళు రెండు కబుర్లు మోశారు. మాస్టారు కావాలనే మిరప్పొడి చల్లాడని ఒకటి, భయపడి సీను కోసేశాడని ఇంకొకటి. ఆయన దేనికీ జవాబు చెప్పలేదు.

పోయిన వేసవిలో నేను ఒక పాత ప్రొజెక్టరు వెతికి పట్టుకెళ్ళి, మామయ్యవాళ్ళింటి గోడ మీద బొమ్మ వేయించి, మొత్తం ఫోన్లో తీసుకున్నాను. కంచం సీను మొదటి నుంచి చివరిదాకా ఉంది. మరి ఆ రోజు కోసిందేమిటని అడిగితే అత్తయ్య మాట మార్చింది. లేనిది ఒక్కటే, టైటిల్స్‌లో ఆయన పేరు.

“మామయ్యా, నీ పేరేది?”

“పాత రీలు, కోడలు పిల్లా. మొదట్లోనే తెగింది.”

“సొంత పేరు కూడా జాగ్రత్తగా ఉంచుకోలేవా నువ్వు?” అని అరిచాను. ఆయన నవ్వి టీ తాగాడు.

ఇక మొన్న. సమాధి దగ్గర మాట్లాడటానికి కోటేశ్వరరావుగారు చేతికర్ర సాయంతో వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. “మాస్టారు పెద్దమనసున్న మనిషి. నా మాట మన్నించి సీను కోసి ఇచ్చారు. అది ఇవాళ్టికీ నా దగ్గరుంది” అని జేబులోంచి పాత పొగాకు డబ్బా తీసి ఎత్తి చూపించారు. సంఘ పెద్ద తలూపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి వెళ్ళాను. అమ్మ నా చున్నీ పట్టుకుని లాగింది. వదిలించుకున్నాను.

“ఆ సీను నా ఫోన్లో ఉందండీ. మీ దగ్గరున్నదేంటో తియ్యండి.”

“జాగర్తమ్మాయ్, ఇరిగిపోద్ది.”

చేతికర్ర పక్కన ఆనించి, ముక్కని రెండు చేతులా ఎండకి పట్టుకున్నారు. కెమెరా జూమ్ చేశాను. నల్లటి పలక మీద సుద్దతో రాసిన అక్షరాలు. ఆ చేతిరాత నాకు తెలుసు. మైకు లాక్కుని చదివాను: “కథ, మాటలు, దర్శకత్వం: కె. జకరయ్య.”

కోటేశ్వరరావుగారు, “నా కళ్ళజోడు లేదు, మళ్ళీ చదువమ్మా” అన్నారు. మళ్ళీ చదివాను. ఆయన నెమ్మదిగా కుర్చీలో కూలబడ్డారు.

“అయితే ఆ కంచం...?”

సమాధి పక్కన కూర్చున్న అత్తయ్య అప్పుడు అందుకుంది. “ఉందండీ. మీరు దగ్గుకుంటా బయటికి పోయారుగా, అప్పుడొచ్చింది.”

ఇంటికొచ్చాక ఆవిడ మీద కూడా అరిచాను, ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని. “చెబితే డబ్బా కోసం మళ్ళీ వస్తారన్నాడు. లోపల చూసిన ఆడోళ్ళం ఎవ్వరం బయట చెప్పలా” అంది. ఆ ఆదివారం హాల్లో అందరూ వెళ్ళిపోయాక ఆయన ఆవిడతో అన్న మాట ఇదట: “నా పేరు లేకపోయినా బొమ్మ ఆడుద్ది మరియా. నీ కంచం లేకపోతే ఆడదు.”

కోటేశ్వరరావుగారు ఆ ముక్క అత్తయ్య చేతిలో పెట్టి వెళ్ళారు. ఆయన మీద నాకిప్పుడు కోపం లేదు. కోపం, అక్కడే నిలబడి చెవులారా విని కూడా మర్నాడు ఆ పోస్టరు వేసినవాళ్ళ మీద. “ఏదైతేనేం, ఏదో ఒకటి కోశాడుగా” అన్నవాళ్ళ మీద. భయపడి లొంగిపోయిన మంచివాడైతే దండ వేయడం మీకు తేలిక, అంతేగా?

మామయ్యా, నీలాంటి మొండిమనిషి మా ఇంట్లో మళ్ళీ పుట్టడు. సగం చెక్కిన నీ పెన్సిలు నా దగ్గరే ఉంది. దాన్ని చెక్కే ధైర్యం నాకు లేదు.

ఈ పుస్తకం మీ చేతికి వచ్చేది ఆదరణ కూడికలో. అదే హాలు, మిట్టమధ్యాహ్నం, కిటికీలకి నల్లగుడ్డలు. ప్రార్థన అవగానే ఆ రీలు వేస్తున్నాం, ఈసారి దుమ్ము తుడిచి. మొదట్లో ఆయన పేరు ఉండదు. ఆ ముక్క అత్తయ్య గుప్పిట్లో ఉంటుంది. కంచం సీను అయ్యేదాకా కూర్చోండి. తర్వాత లేచి నిలబడి, ఆవిడ మొహంలోకి చూసి, మా మామయ్య ఆ సీను కోశాడని అనగలిగేవాళ్ళు మీలో ఒక్కరైనా ఉన్నారా?