మధ్యలో నిలబడే మనిషి

నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే, నేనేం కాదనను. కానీ ఆ కోపమే లేకపోతే ఆ కొరియా పాటలో నేను వెనక వరుసలో, ఓ మూలన నిలబడి ఉండేదాన్ని. అదెలా జరగలేదో చెబుతాను.

అప్పుడు మలేషియాలో, ఇపో అనే ఊళ్ళో కాలేజీ చదువుతున్నాను. ఐదుగురు ఆడపిల్లలం కలిసి కొరియా అమ్మాయిల బృందాల పాటలకు డాన్సు చేసేవాళ్ళం. వాళ్ళ వీడియోలు పెట్టుకుని, వేలు ఎక్కడ తిప్పారు, తల ఎప్పుడు విసిరారు అని చూసి చూసి, అచ్చం అలాగే చెయ్యడం. మాలో ఇద్దరు మలయ్ అమ్మాయిలు, ఇద్దరు చైనీస్ అమ్మాయిలు, తెలుగుదాన్ని నేనొక్కదాన్నే. చైనీస్ అమ్మాయిల్లో పెద్దది మా లీడరు. పోటీలకు పేర్లు ఇవ్వడం, బట్టలు కుట్టించడం, ఆలస్యంగా వస్తే తిట్టడం, అన్నీ తనే.

ఆ ఏడు మేం ఎంచుకున్నది ఒక పొగరుబోతు పాట. అందులో ప్రేమ లేదు, ఏడుపు లేదు, వెళ్ళిపోయినవాణ్ణి తలుచుకోవడం అసలే లేదు. పక్కకు జరగండి, నేను వస్తున్నాను, చూస్తే చూడండి, చూడకపోతే నష్టం మీకే అని దాని సారాంశం. మొదటిసారి విన్నప్పుడు బస్సులో ఉన్నాను. దిగాల్సిన చోటు దాటిపోయింది, వెనక్కి నడుచుకుంటూ వచ్చాను. ఆ నడక కూడా మామూలు నడక కాదు, పాటలో అమ్మాయిల నడక. ఎండలో, పుస్తకాల సంచీతో.

ఇలాంటి పాటల్లో మధ్యలో నిలబడే మనిషి ఒకరుంటారు. సెంటర్ అంటారు. పాట మొదలవగానే మిగతా నలుగురూ తలుపు రెక్కల్లా అటూ ఇటూ జరుగుతారు, ఆ మనిషి ముందుకు నడిచి వస్తుంది. అడుగులు అందరికంటే ముందు నాకే పట్టుబడ్డాయి కాబట్టి లీడరు నన్నే అక్కడ పెట్టింది. ప్రాక్టీసు గదిలో నేల మీద గులాబీరంగు టేపు అడ్డంగా, నిలువుగా అంటించి, ఇది నీ చోటు అంది. కొన్ని వారాలు ఆ టేపు మీద రాణిలా నిలబడ్డాను.

పోటీకి పంపడానికి వీడియో తీసిన రోజు గొడవ వచ్చింది. లీడరు ఫోనులో దాన్ని ముందుకీ వెనక్కీ జరిపి చూసి, నా వైపు చూడకుండా, మధ్యలో రెండో చైనీస్ అమ్మాయిని పెడదాం అంది. ఎందుకని అడిగాను. "వీడియోలో నీ ముఖం సరిగ్గా కనిపించట్లేదు. వెలుతురు సమస్య, అంతే లా," అంది, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే ఆ 'లా'తో సహా.

నాకు ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళ వయసు నుంచి నల్లపిల్ల అనిపించుకున్నదాన్ని, వెలుతురు అన్న మాట వెనక ఏముందో నాకు తెలియదా? "వెలుతురు సమస్య అయితే దీపం మార్చు, మనిషిని కాదు," అన్నాను. నా చోటుకు రావలసిన అమ్మాయి పాపం నేల చూపులు చూస్తూ, నాకేం వద్దు, మీరే తేల్చుకోండి అని గొణిగింది. ఆమె మీద నాకు కోపం లేదు. బాగా చేస్తుంది కూడా, కాకపోతే నా అంత బాగా కాదు.

చివరికి లీడరు ఒక దారి చూపించింది. వచ్చే ఆదివారం మాల్‌లో పోటీ వేదిక మీదే ఒక్కో జట్టుకు ముందుగా చేసి చూసుకునే వీలు ఇచ్చారు. పాట రెండుసార్లు చేద్దాం, ఒకసారి ఆమె మధ్యలో, ఒకసారి నువ్వు. జనం ఎవరికి ఎక్కువ గోల చేస్తే వాళ్ళదే చోటు. సరే అన్నాను. ఇంటికి వచ్చే దాకా నేనేం ఒప్పుకున్నానో నాకు అర్థం కాలేదు. ఆ అమ్మాయికి బ్యాడ్మింటన్ క్లబ్బంతా స్నేహితులే. నాకెవరున్నారు? మా చిన్నాన్న పిల్లలు ఎక్కడో దూరాన హుటాన్ మెలింటాంగ్ ఊళ్ళో ఉంటారు, ఆదివారం వస్తే కొట్టు వదిలి కదలరు. ఇక మిగిలింది అమ్మ.

అమ్మ చేతి తొడుగుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది. శనివారం సాయంత్రం మాత్రం ఎవరేం చెప్పినా వినదు, గుడిలో భజన ఉంటుంది. మా తాతలు బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటలో ఉన్నప్పుడు మొదలుపెట్టిన భజన అది. తోట పోయినా, ఊరు మారినా భజన మాత్రం మా వెంటే వచ్చింది. ముందు చాప మీద ఒక పెద్దాయన కూర్చుని ఒక పాదం ఇస్తాడు, వెనకున్న వాళ్ళందరూ అందుకుంటారు. చివరి పాదానికి వచ్చేసరికి జోరు పెరుగుతుంది. అదే పాదం మళ్ళీ మళ్ళీ, ఇంకా వేగంగా, ఆయన చెయ్యి పైకెత్తే దాకా. ఆయన చెయ్యి ఎత్తకపోతే తెల్లారినా ఆపరు. మా అమ్మ గొంతు ఆ హాలులో అందరికంటే గట్టిది, తీయనిది. అయినా స్తంభం వెనక కూర్చుని అందుకునేది. నువ్వెందుకు ముందు కూర్చోవని చిన్నప్పుడు అడిగాను.

"ఆడోల్లు ముందు కూకోరు," అంది.

"అలాగని ఎవరు చెప్పారు?"

"ఎవులూ సెప్పనేదు," అంది, అదే సమాధానమైనట్టు.

ఆ సాయంత్రం అమ్మ వంటింట్లో కాంకుంగ్ ఆకు, అదే తూటికూర, తరుగుతోంది. నేను గిన్నెలు గట్టిగా పెడుతున్నాను.

"ఏటే గుంటా, గిన్నిలేటి సేసినాయి నిన్ను?" అంది.

అంతా చెప్పేశాను. చెబుతుంటే ఏడుపు వచ్చింది, అదింకా కోపం తెప్పించింది.

"నీ రంగు గురించి అన్నాదా?"

"రంగు అననేదమ్మా. వెలుతురు అన్నాది."

"రెండూ ఒకటే లా," అంది అమ్మ. కత్తి ఆగలేదు. "ఆదివారం ఎంతమంది కావాల?"

"అరిసేవాళ్ళు ఎంతమందైనా కావాలమ్మా."

"మేం అరవం. పాడతాం. ఏదీ, ఆ పాటేటో వినిపించు."

వినిపించాను. అమ్మ తల వంచుకుని చివరి దాకా వింది. వేళ్ళు మాత్రం తరిగే పలక మీద లయ వేస్తున్నాయి.

"అర్తం ఏటి? దేవుడి మాటా?"

"కాదు."

"మరి సెడ్డ మాటా?"

"కాదమ్మా. నేను బాగున్నాను, నేనొస్తున్నాను, జరగండి అని."

అమ్మ తరిగిన ఆకు గిన్నెలో వేసింది. "అంతేనా? అయితే బోలే లా, పాడొచ్చు. శనివారం ఆరతి అయినాక గుడికి రా. మావోల్లకి నేర్పుదువుగాని."

శనివారం హారతి అయ్యాక మగవాళ్ళు కాఫీకి బయటికి వెళ్ళారు. ఆడవాళ్ళు మాత్రం కదలకుండా కూర్చున్నారు, అమ్మ ముందే చెప్పి ఉంచింది. నేను ఓ పక్కగా నిలబడి ఫోను బయటికి తీశాను.

"అక్కడ కూకో," అని అమ్మ పెద్దాయన చాప చూపించింది.

"అది ఆయన చోటు కదమ్మా."

"ముందు కూకుని ఇచ్చినోల్ల దగ్గరే మావోల్లు అందుకుంటారు. పక్కన నిలబడి సెప్తే ఎవులికీ ఎక్కదు. కూకో."

కూర్చున్నాను. ఆ చాప మీద ఆడమనిషి కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు, అంతకుముందు చూసినవాళ్ళున్నారో లేదో తెలియదు. కొరియా పాట పల్లవి ముక్క ముక్కగా ఇచ్చాను. వాళ్ళు అందుకున్నారు. మా కాలేజీ వాళ్ళకు వారం పట్టిన పల్లవి వీళ్ళకు ఆ సాయంత్రమే వచ్చేసింది. తెలియని మాటలు విని అలాగే అనడం వాళ్ళకు కొత్తేమీ కాదు, సంస్కృతం శ్లోకాలన్నీ అలా నేర్చినవే. ఒక అత్త మాత్రం మధ్యలో చెయ్యి అడ్డం పెట్టి, "ఒలమ్మ, ఈ కొరియావోల్లు ఊపిరి ఎక్కడ తీసుకుంటారే?" అని అడిగింది. అందరూ పగలబడి నవ్వారు. పెద్దాయన కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి విన్నాడు. తిడతాడేమో అనుకున్నాను. "లయ ఉన్నాది," అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఎక్కడ అందుకోవాలో అన్నీ చెప్పాను. ఎక్కడ ఆపాలో చెప్పాలని నాకు తోచలేదు.

ఆదివారం మాల్‌లో ముందు ఆ అమ్మాయి మధ్యలో నిలబడి చేసింది. బ్యాడ్మింటన్ క్లబ్బు ఈలలతో, కేకలతో పై అంతస్తు అదిరిపోయింది. నా వంతు వచ్చేసరికి మా వాళ్ళు ఇంకా రాలేదు. వేదిక మధ్యలో నిలబడి జనంలో వాళ్ళ కోసం వెతికాను. అప్పుడు ఎస్కలేటరు మీద పసుపు చీరలు దిగడం కనిపించింది. అవి భజన రోజు కట్టుకునే చీరలు. వ్యాను దొరకడం ఆలస్యమైందట. నేరుగా వచ్చి వేదిక ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. హ్యాండుబ్యాగుల్లోంచి భజన తాళాలు తీశారు. సెక్యూరిటీ అతను ఏదో చెప్పబోయి, మా అమ్మ ముఖం చూసి ఊరుకున్నాడు.

పాట మొదలైంది. నలుగురూ పక్కకు జరిగారు, నేను నడిచి వచ్చాను. మొదటి పాదం స్పీకర్లలోంచి వచ్చింది, దాని వెనకే నేల మీంచి జవాబు. తాళాలతో సహా! మా అమ్మ గొంతు అన్నిటికంటే పైన. కొరియాలో కూడా అభిమానులు ఇలాగే పాదానికి పాదం జవాబిస్తారు, దానికోసం నెలల తరబడి సాధన చేస్తారు. వీళ్ళకు పుట్టుకతో వచ్చింది. నా పక్కనున్న మలయ్ అమ్మాయి నవ్వు ఆపుకోలేక ఒక అడుగు తప్పింది. పై అంతస్తుల్లో జనం రెయిలింగు మీదికి వంగి చూస్తున్నారు. నా వెన్ను దానంతటదే నిటారుగా అయింది. ఆ పాట నా గురించే రాసినట్టు చేశాను, అందులో నాకేం మొహమాటం లేదు.

చివరి దెబ్బతో పాట ఆగింది. గడ్డం కింద చెయ్యి పెట్టి, ఒక భుజం ఎత్తి, కదలకుండా నిలబడ్డాం. అక్కడితో అయిపోవాలి.

అవలేదు. నేల మీంచి అదే చివరి పాదం మళ్ళీ మొదలైంది. ఈసారి కొంచెం జోరుగా. తాళాలు మోగుతున్నాయి. ఆపించు, ఆపించు అని వెనకనుంచి లీడరు పళ్ళ బిగువున అంటోంది. అమ్మకు కళ్ళతో సైగ చేశాను. అమ్మ నా కళ్ళు చూడటం లేదు. అమ్మే కాదు, వాళ్ళందరూ నా చెయ్యి వైపే చూస్తున్నారు. చాప మీద కూర్చుని పాదం ఇచ్చినదాన్ని నేను. నేను చెయ్యెత్తే దాకా వాళ్ళు ఆపరు.

ఎత్తితే సరిపోయేది. కానీ ఎత్తాలనిపించలేదు. పాట లేదు, స్పీకర్లు లేవు, ఆ వేదిక మీద మిగిలినదంతా నాదే. పెదవులు కదపడం మానేసి నా సొంత గొంతుతో పాదం ఇచ్చాను, ఆ అడుగులు మళ్ళీ మొదలుపెట్టాను. వెనక నలుగురూ ఒక్క క్షణం తడబడి అందుకున్నారు. మళ్ళీ ఇచ్చాను, ఇంకా వేగంగా. బ్యాడ్మింటన్ క్లబ్బు కూడా చప్పట్లు కలిపింది. నా చోటుకు రావలసిన అమ్మాయి నా వెనక పడీ పడీ నవ్వుతూ చేస్తోంది. ఇక కాళ్ళు అందవు అనిపించినప్పుడు చెయ్యి పైకెత్తాను. ఒక్క దెబ్బతో అంతా ఆగిపోయింది. ఎస్కలేటరు చప్పుడు వినిపించింది.

లీడరు చెమట తుడుచుకుంటూ వచ్చింది. "పోటీలో ఆ చివరిది వద్దు. టైము దాటితే మార్కులు పోతాయి. మధ్యలో నువ్వే."

"వెలుతురు సంగతి?" అన్నాను. ఊరుకోలేను కదా.

"దీపం మారుద్దాం," అంది.

పోటీలో మాకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది వచ్చినవాళ్ళు రెండో చరణంలో లయ తప్పారు, అందరూ చూశారు, జడ్జీలు తప్ప. ఆ తీర్పు నేను ఇప్పటికీ ఒప్పుకోను.

కానీ నేను చెప్పాలనుకున్నది దాని గురించి కాదు. ఆ మాల్ ఆదివారం తర్వాత వచ్చిన శనివారం నేనూ భజనకు వెళ్ళాను. పెద్దాయన చాప మీద కూర్చుని గొంతు సవరించుకుంటున్నాడు. అమ్మ కోసం స్తంభం వెనక చూశాను. లేదు. అమ్మ చంకలో ఇంకో చాపతో నడుచుకుంటూ ముందుకు వెళ్ళి, దాన్ని ఆయన చాప పక్కన పరిచి, కూర్చుంది.

"ఏటమ్మా?" అన్నాడాయన.

"ఈ పాట నాను ఇస్తాను, పెదనాన్నా. మీరు అందుకోండి."

ఆయన జవాబు చెప్పేలోపే మొదటి పాదం ఇచ్చేసింది. హాలులో ఎవరూ అందుకోలేదు. ఆడవాళ్ళు మగవాళ్ళ వైపు, మగవాళ్ళు పెద్దాయన వైపు చూశారు. అమ్మ వీపు నాకు కనిపిస్తోంది. మెడ మీద చెమట పట్టింది, కానీ తల తిప్పలేదు. అదే పాదం మళ్ళీ ఇచ్చింది. ఈసారి నేను వెనకనుంచి నా శక్తంతా పెట్టి అందుకున్నాను. ఊపిరి గురించి అడిగిన అత్త కలిసింది. తర్వాత అందరూ. అందరికంటే ఆఖరున పెద్దాయన తాళం తీసుకున్నాడు.

చివరి పాదం వచ్చింది. జోరు పెరిగింది. అరచేతులు మండుతున్నాయి, గొంతులు బొంగురు పోతున్నాయి, ఒకరిద్దరు ముసలివాళ్ళు ఇక చాలన్నట్టు ముందుకు చూస్తున్నారు. అమ్మ చెయ్యి ఎత్తితే ఆపాలని హాలంతా ఆ చెయ్యి వైపే చూస్తూ పాడుతోంది. అమ్మ ఎంతకీ ఎత్తదే!