చీటీల టీచరు

ఐదో తరగతి లెక్కల టీచరుకు పరీక్షలంటే గిట్టదు. "పంట ఎండిపోయాక చూసి ఏం లాభమండీ, మొలకప్పుడే చూసుకోవాలి" అనేది. అందుకే పిల్లల చేత గది కొలిపిస్తూ, బకెట్లు నింపిస్తూ, బల్లల మధ్య తిరుగుతూ, ఎవరికి ఏది వచ్చిందో, ఎవరు ఎక్కడ తడబడ్డారో అప్పటికప్పుడు చీటీ రాసి బిస్కెట్ల డబ్బాలో వేసేది. మర్నాటి పాఠం ఆ చీటీలను బట్టే నడిచేది. తోటివాళ్లు 'చీటీల టీచరు' అని ఏడిపించినా ఆవిడకు చీమ కుట్టినట్లయినా ఉండేది కాదు.

ఏడాది చివర్లో హెడ్మాస్టరు ఒక ఖాళీ జవాబు కాగితం ఆవిడ ముందు పెట్టాడు. అది కిటికీ పక్కన కూర్చునే పిల్లది.

"ఒక్క లెక్కా చెయ్యలేదమ్మా. ఇంకో ఏడాది ఇదే క్లాసులో ఉంచేద్దాం."

"ఒక్క పూట చూసి ఏం తేలుస్తారు సార్? ఏడాది పొడుగునా చూసింది నేను. రేపు చీటీలు పట్టుకొస్తా, మీరే చూద్దురుగాని."

ఆ సాయంత్రం డబ్బా బోర్లించింది. గోలపెట్టే పిల్లలకు తలా నలభై చీటీలున్నాయి. కిటికీ పక్క పిల్లకు రెండే. ఒకదాని మీద 'అల్లరి లేదు', ఇంకోదాని మీద 'బుద్ధిగా ఉంది'. లెక్కల గురించి ఒక్క ముక్క లేదు. నోరున్నవాడిదే రాజ్యమన్న మాట తన క్లాసులోనే నిజమైనందుకు ఆవిడకు తల కొట్టేసినట్లయింది.

పొద్దున్నే వెళ్లి, "తప్పు నాది సార్. ఆ పిల్లను నేను చూడనేలేదు. ఒక్క వారం ఆగండి" అంది. ఆయన గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

ఆ రోజు కిటికీ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. పిల్లలు మగ్గులతో నీళ్లు పోస్తుంటే, బకెట్ సగం నిండేసరికి ఆ పిల్ల మెల్లగా, "మొత్తం పదకొండున్నర మగ్గులు పడతాయి" అంది. పోసి చూస్తే సరిగ్గా అంతే.

"ఎలా చెప్పావే?"

"సగానికి అయిదుముప్పావు పట్టాయి కదా టీచర్. దానికి రెండింతలు."

"మరి పరీక్షలో ఎందుకు రాయలేదమ్మా?"

"ప్రశ్నలు చదవడం రాలేదు."

టీచరు అదే ప్రశ్నపత్రం హెడ్మాస్టరు ముందు చదివి వినిపించింది. పదింటిలో ఎనిమిదింటికి ఆ పిల్ల తడుముకోకుండా జవాబు చెప్పింది. ఆయన పై తరగతికి సంతకం పెట్టాడు. టీచరుకు సంతోషంతో పాటు సిగ్గూ వేసింది.

"చదవడం రాదని ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదే?"

"చెబుదామనే చూసేదాన్ని. మీరు అరిచేవాళ్ల దగ్గరే ఆగేవాళ్లు కదా టీచర్."