క్యాంపుకు పాత చీరే కట్టుకెళ్లాను

మాది బోధన్. మా అమ్మను అవ్వ అంటాం. ఆమె బీడీలు చుడుతుంది, నేను ఆమెకు ఆకు కత్తిరించి ఇస్తాను. చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి రావడం కూడా నా పనే. ఎప్పుడూ ఒకే గల్లీలో వెళ్తాను. నాకు ముప్పై దాటాక ఒక పొద్దున ఆ గల్లీని పైపుల కోసం తవ్వేశారు. పక్క గల్లీలోంచి వెళ్లొచ్చని నాకూ తెలుసు, కానీ కాళ్లు కదల్లేదు. తవ్వే మిషన్ చప్పుడు తలలోకి దిగింది. బీడీల గంప పక్కన పెట్టి, చెవులు మూసుకుని రోడ్డు మీదే కూర్చున్నాను. జనం మూగారు. "దీనికి దయ్యం వట్టింది" అని ఒకామె తేల్చేసింది. ఎవరో మా అక్కకు ఫోన్ చేశారు.

అక్క నన్ను నిజామాబాద్‌లో సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆ మేడం నా మొహం చూసి, అడక్కుండానే గరగరలాడే ఫ్యాన్ ఆపేసింది. అప్పుడే ఆమె నాకు నచ్చింది. చిన్నప్పటి సంగతులన్నీ అడిగి, టెస్టులు చేసి, "ఇది ఆటిజం అమ్మా. పుట్టుకతోనే ఉంటుంది. మందులతో పోయేది కాదు, నీ తప్పు అంతకన్నా కాదు" అంది. అక్క ఏడ్చింది. నాకు మాత్రం చెప్పలేనంత సంతోషం కలిగింది. అప్పటిదాకా మొండిది, మొద్దు, పొగరుబోతు అన్న పేర్లే విన్నాను మరి.

"డిసబిలిటీ సర్టిఫికెట్‌కు అప్లై చేయండి, నలభై శాతం వస్తే పింఛను ఇస్తారు" అని కూడా మేడమే చెప్పింది. అవ్వ కళ్లు మసకబారుతున్నాయి. ఆమె చుట్టడం మానేస్తే నా కత్తెరకు పని లేదు. అవ్వ తర్వాత నా బతుకేమిటన్న బెంగ ముగ్గురికీ ఉంది. సర్టిఫికెట్ కోసం డాక్టర్లు పరీక్షించే క్యాంపుకు మీసేవలో స్లాట్ తీసుకున్నాం.

క్యాంపు రోజున అవ్వ నాకు గంజి పెట్టిన కొత్త చీర కట్టింది. ఒళ్లంతా గీరుకుపోయింది. "సారు మొఖంల సూడు. నవ్వుకుంట నమస్తే వెట్టు" అని దారంతా నేర్పింది. బయటివాళ్ల ముందు బిడ్డను తక్కువ చేసి చెప్పడం మా ఇళ్లల్లో లేదు. డాక్టర్ ఏదడిగినా అవ్వే అందుకుంది. "వంటంత చేస్తది సారూ. బజారుకు పోతది. మా బిడ్డకేం తక్కువ?"

డాక్టర్ నన్ను ఒక్కటే అడిగాడు. "బస్సులో ఒక్కదానివే రాగలవా?"

"రాగలను" అన్నాను. పక్కన ఎవరైనా కూర్చుంటే దిగిపోతావా అని ఆయన అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పడం నాకు రాదు. నలభై శాతం రాలేదు.

అక్క అవ్వ మీద విరుచుకుపడింది. "అవ్వా, నువ్వు దీన్ని డాక్టర్ దగ్గరికి తోల్కపోయినవా, పెళ్లిచూపులకా?"

నాకు నవ్వాగలేదు. అవ్వ మాత్రం తల దించుకుంది. "నలుగుర్ల నా బిడ్డకు చాతగాదని ఎట్ల చెప్పాలె? నాకు నోరు రాదు" అంది.

మళ్లీ అప్లై చేశాం. కొన్ని నెలలకు పిలుపొచ్చింది. ఈసారి నేను రోజూ కట్టుకునే, ఉతికి ఉతికి మెత్తబడ్డ చీరే కట్టుకున్నాను. దారిలో అవ్వ నాకేమీ నేర్పలేదు. డాక్టర్ ముందు కూర్చోగానే మాత్రం, "సారూ, పోయినసారి నేను అబద్ధం చెప్పిన" అని మొదలుపెట్టింది. "కుక్కర్ కూత వెడితే వాకిట్లకు ఉరుకుతది, గ్యాస్ బందువెట్టదు. తొవ్వ మారితే రోడ్డు మీదనే కూసుంటది. చుట్టాలొస్తే బియ్యం డ్రమ్ము ఎనక దాక్కుంటది, నేను జరమొచ్చిందని చెప్త. ఇన్నేండ్లు గట్లనే చెప్పుకుంటొచ్చిన." కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఇంట్లో ఏ పని బాగా చేస్తుందమ్మా?" అని డాక్టర్ మెల్లగా అడిగాడు.

అవ్వ కొంగు తీసేసింది. "ఆకు కత్తిరిస్తే ఒక్కటి గూడ వంకర పోదు సారూ. మా గల్లీల గట్ల కత్తిరించేటోళ్లు లేరు!"

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

బయటికొచ్చాక అవ్వ, "అందర్ల గట్ల చెప్పిననని బాధపడకు బిడ్డా" అంది. "అన్నీ నిజాలే కదవ్వా, బాధెందుకు?" అన్నాను. నిజంగానే బాధ లేదు. నేను దాక్కున్నప్పుడల్లా అవ్వ నన్ను చూస్తూనే ఉందని ఆ రోజే తెలిసింది. మనసు నిండిపోయింది.

సర్టిఫికెట్ వచ్చింది, పింఛను మంజూరైంది. రద్దీ తగ్గాక పోస్టాఫీసుకు నేనే వెళ్లి తెచ్చుకుంటాను. గల్లీ మలుపు దాకా అవ్వ వస్తుంది, అక్కడ్నుంచి నేను ఒక్కదాన్నే.

నాలాంటివాళ్లకు చెప్పేది ఒకటే. క్యాంపుకు ముస్తాబై వెళ్లకండి. ఇంట్లో ఎట్లా ఉంటారో అట్లాగే వెళ్లండి, మీకు చేతగానివి దాచకుండా చెప్పే మనిషిని వెంట తీసుకెళ్లండి. ఇంట్లోవాళ్లకు ఆ మాట నోటికి రావడం కష్టమే. కానీ ఒకసారి వచ్చిందంటే ఆగదు. మొన్న చుట్టాలొచ్చి, "నీ చిన్నబిడ్డ ఏది?" అని గట్టిగా అడిగారు. అవ్వ జ్వరమని చెప్పలేదు.

"డ్రమ్ము ఎనక ఉన్నది. దానికి సప్పుడు పడది, జర మెల్లగ మాట్లాడుండ్రి" అంది.

వాళ్లు గొంతు తగ్గించారు. కాసేపటికి నేనే బయటికొచ్చి చాయ్ పెట్టాను.