లిఫ్ట్‌లో వేసిన ఈల

సర్జాపుర రోడ్డులోని మా అపార్ట్‌మెంట్‌కు వచ్చిన కొత్తలో, నాకంటూ ఏదైనా ప్రత్యేకత ఉండాలని తెగ కోరికగా ఉండేది. పక్కింటావిడ కేకులు చేస్తుంది. పై అంతస్తాయన కొండలెక్కుతాడు. నేను బెళ్ళందూరు ఆఫీసుకు వెళ్తాను, వస్తాను, అంతే. వీణ క్లాసులో చేరితే టీచర్ కొన్నాళ్లు ఓపిక పట్టి, "మీరు చాలా బాగా వింటారు మేడమ్" అన్నారు. కుండలు చేయడం నేర్చుకోబోతే నా కుండ ఓ పక్కకు ఒరిగిపోయింది. గొడుగులు పెట్టుకోవడానికి పనికొస్తుందన్నాడు మా ఆయన. దానికీ పనికి రాలేదు.

ఒక ఆదివారం పొద్దున కూరగాయల సంచితో లిఫ్ట్ ఎక్కాను. లోపల మా అంతస్తులోనే ఉండే పెద్దావిడ ఉంది. తాతల కాలం నుంచీ వాళ్లది బెంగళూరే అయినా ఇంట్లో మాట తెలుగే. లిఫ్ట్ కాస్త పైకి వెళ్లి మధ్యలో ఆగిపోయింది. గంట నొక్కితే మోగలేదు. ఫోన్లకు సిగ్నల్ లేదు. తలుపు బాదాను. కింద పిల్లల క్రికెట్ గోలలో అది ఎవరికీ వినపడలేదు.

పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. "ఏంజేసేదిప్పుడు? నాకు లోపల ఒకమాదిరిగా ఉండాదమ్మా."

"చెవులు మూసుకోండమ్మా," అన్నాను.

చిన్నప్పుడు అనంతపురంలో మా అన్న నేర్పిన విద్య అది, రెండు వేళ్లు నోట్లో పెట్టి వేసే ఈల. ఆడపిల్లకు ఈలేమిటని నాయనమ్మ కసిరాక మానేశాను. మొదట ఉత్త గాలి వచ్చింది. రెండోసారి నా చెవులే గింగురుమన్నాయి. ఆపకుండా వేస్తూనే ఉన్నాను. కింద ఆట ఆగింది. ఎవరో లిఫ్ట్‌లో ఇరుక్కున్నారన్న కేకలు, మెట్ల మీద పరుగులు వినిపించాయి.

తలుపు తెరుచుకోగానే పెద్దావిడ అందరికీ నన్ను చూపించింది. "ఈయమ్మ లేకుంటే నా కత అయిపోతా ఉండె. ఏం ఈలప్పా అది, పోలీసోళ్లది గూడా అంత గట్టిగా ఉండదు."

సాయంత్రానికి అపార్ట్‌మెంట్ అంతా తెలిసిపోయింది. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఆగి "ఆ ఈల మీరేనా?" అని అడిగారు. నేను కాస్త నిటారుగా నడిచానట, మా ఆయన మాట. పిల్లలు నన్ను అంపైర్‌ని చేశారు. నోబాల్ అంటే ఏమిటో నాకు తెలియదు, కానీ నేను ఈల వేస్తే ఇక తిరుగులేదు.

తర్వాత "ఆంటీ, మాకూ నేర్పండి" అన్నారు. నేర్పాను. చూస్తుండగానే అందరికీ వచ్చేసింది. ఎదురింటి చిన్నపిల్లయితే నన్ను మించిపోయింది. మధ్యాహ్నం కునుకు పట్టడం లేదని అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫిర్యాదులు మొదలయ్యాయి. నా ఒక్కదానిదే అనుకున్న విద్య ఊరందరిదీ అయిపోయింది. బాధపడతాననుకున్నాను గానీ, బాల్కనీలో నిలబడి ఆ గోల వింటుంటే నవ్వొచ్చింది.

అప్పుడే పెద్దావిడ తలుపు కొట్టింది. "నాకూ చెప్పియ్యమ్మా."

కట్టుడుపళ్లు తీస్తే గాలి నిలవలేదు, పెట్టుకుంటే వేళ్లు పట్టలేదు. ఇద్దరం సోఫాలో పడి నవ్వుకున్నాం. ఆవిడ చెంగుతో కళ్లు తుడుచుకుని, "నవ్వింది చాలు, మళ్లా చూపీ" అంది.