కోటు వదిలేసి మాయమైన రోజు

ఆ రోజుల్లో నాకు దేవుడంటే భక్తి, గడియారమంటే భయభక్తులూ ఉండేవి. తేడా మీరే చూసుకోండి. డిగ్రీ అవగానే కొత్తపేటలో ఒక రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం దొరికింది. చెరువు చెరువుకీ బండి మీద తిరిగి, రైతుతో నాలుగు మాటలు మాట్లాడి, గట్టు మీద ఫోటో దిగి మేనేజరుగారికి పంపడం నా పని. సాయంత్రమయ్యేసరికి ఆయన ఫోన్ చేసి "ఇవాళ ఎన్నండీ?" అనేవారు. ఎన్ని చెరువులు తిరిగావని అర్థం. రొయ్యలు బతికున్నాయా చచ్చాయా అని అడిగిన పాపాన పోలేదు. కొన్నాళ్ళు తిరిగేసరికి ఆ "ఎన్నండీ" నా ఒంటికి పట్టేసింది. ఫోన్లో స్టాప్‌వాచీ పెట్టుకుని స్నానం చేసేవాణ్ణి. ప్రసంగాలు రెట్టింపు వేగంతో వినేవాణ్ణి (ఆ వేగంలో ఎంత గంభీరమైన బోధకుడైనా బస్టాండులో సమోసాలమ్మేవాడిలా వినిపిస్తాడు). అన్నం తింటూ ప్రార్థన, బండి నడుపుతూ ప్రార్థన, పళ్ళు తోముకుంటూ ప్రార్థన (ఇందులో నురగ వల్ల కొంత ఇబ్బంది ఉండేది). విగ్రహాలకి మొక్కకూడదని సండే స్కూల్లో అందరికంటే గట్టిగా అరిచి చెప్పినవాణ్ణి, జేబులో ఒక విగ్రహాన్ని పెట్టుకుని పూటకి వందసార్లు దాని ముఖం చూస్తున్నానని నాకు తోచనే లేదు. కాలం దేవుడిచ్చింది, వృథా చేస్తే లెక్క అడుగుతాడు అని అమ్మకి బోధిస్తే, "ముందు విడిచిన బట్టలు బకెట్లో వేసుకో నాయనా, ఆ లెక్క నేనడుగుతాను" అనేది.

ఆ కళ్ళతో చూసేసరికి మా అయ్యగారు నాకు ఒట్టి తీరుబడి మనిషిలా కనిపించడం మొదలైంది. (మా వైపు పాస్టరుగారిని అయ్యగారంటాం.) ఆయన ఉదయం టిఫిను చేసి బయల్దేరి ఎవరింటి అరుగు మీదో కూర్చుంటే మధ్యాహ్నానికి గాని లేచేవారు కాదు. ఆ ఇంటి గేదె ఈనిన సంగతి, కోడలు అలిగిన సంగతి, కువైట్‌లో ఉన్న పెద్దాడు ఫోన్ చెయ్యని సంగతి అన్నీ విని, చివర్న చిన్న ప్రార్థన చేసి, ఇంకో ఇంటికి వెళ్ళి మళ్ళీ మొదలు. రోజుకి రెండిళ్ళు. మా మేనేజరుగారి చేతికి ఈయన్ని అప్పగిస్తే వారం తిరక్కుండానే ఉద్యోగం ఊడేదని నాలో నేను జాలిపడేవాణ్ణి.

అందులోనూ ఆయన ఎక్కువ పొద్దు పుచ్చింది మా పేట చివర రెండిళ్ళలో. అక్కడ ఇద్దరు తోడికోడళ్ళు, భర్తలు పోయాక ఎవరింట్లో వాళ్ళుంటున్నారు. మధ్య నడుమెత్తు గోడ. పెద్దావిడ రాగం మామ్మ; చర్చిలో పాట ఎత్తుకుందంటే చివరి చరణం చేరేసరికి పిల్లలు ఒక నిద్ర తీసి లేచేవాళ్ళు. చిన్నావిడ ములక్కాడల మామ్మ. ఆవిడ చెట్టు కాయలు తినని ఇల్లు మా పేటలో లేదు, ఒక్క రాగం మామ్మ ఇల్లు తప్ప. ఎందుకంటే ఎప్పుడో ఒక ఈస్టరు రోజు ఆరాధన అయ్యాక బయట చెప్పుల గుట్టలో ఇద్దరి చెప్పులూ తారుమారయ్యాయి. ఒకే కొట్టులో కొన్నవి, ఒకే రంగువి, కాకపోతే ఒక జత కొత్తది, ఒక జత అరిగినది. కొత్తవి తనవేనని రాగం మామ్మ అందరి ముందూ గట్టిగా అరిచి తొడుక్కుని వెళ్ళిపోయింది. అప్పటినుంచి మాటల్లేవు. ఆ చెప్పులు అరిగిపోయి, తెగిపోయి, పెంటకుప్పలో కలిసిపోయినా పంతం మాత్రం కొత్తగానే ఉంది. ఒకావిడ ముందు గుమ్మంలోంచి చర్చికి వస్తే ఇంకొకావిడ పక్క గుమ్మంలోంచి వచ్చేది. ఒకావిడ బల్ల తీసుకున్న ఆదివారం (ప్రభు భోజనాన్ని మేం అలా అంటాం) ఇంకొకావిడ తీసుకునేది కాదు. అయ్యగారికి కొత్త సంవత్సరంలో బదిలీ అని ఖాయమైంది. వెళ్ళేలోగా, ఈ క్రిస్మస్‌కైనా, ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని బల్ల తీసుకోవడం చూడాలని ఆయన కోరిక. అదొక్కటే ఆయన పైకి చెప్పుకున్న కోరిక.

సరిగ్గా అప్పుడే ఆయన మోకాలు వాచింది. క్రిస్మస్‌కి ముందు ఇంటింటికీ వెళ్ళి ప్రార్థన చెయ్యడం మా దగ్గర ఆనవాయితీ. ఆయన మంచం మీద ఉన్నారు, ఇళ్ళన్నీ మిగిలే ఉన్నాయి. నేను వెళ్ళి, మొత్తం పేటంతా ఒక్క పూటలో అవగొట్టేస్తానని మాటిచ్చాను. అయ్యగారు నన్ను కాసేపు చూసి, "ఆయ్, మంచిదేనబ్బాయ్. రాగం మామ్మగారింటి దగ్గర మాత్రం కాస్త తీరిగ్గా కూర్చో. ఆవిడ చెప్పింది వినాలి" అన్నారు. చూద్దాంలెండి అన్నాను, పెద్ద అధికారిలా.

మర్నాడు పొద్దున్నే కంపెనీ మీటింగుకి కొన్న కోటు వేసుకుని (మంచుకీ పనికొస్తుంది, హుందాగానూ ఉంటుంది) బయల్దేరాను. బైబిలు వాక్యం ఫోన్లోనే ఉంది కాబట్టి పుస్తకం బరువు కూడా లేదు. పద్ధతి ముందే ఖాయం చేసుకున్నాను. కుర్చీ అంచున కూర్చోవడం, అంతా క్షేమమేనాండీ అనడం, అన్ని ఇళ్ళకీ సరిపోయేలా తయారు చేసుకున్న ఒకే ప్రార్థన చెయ్యడం, లేవడం. ఆ ప్రార్థనలో ఆరోగ్యం, చదువులు, ఉద్యోగాలు, సుఖప్రసవం, పాడి, కొబ్బరి ధర అన్నీ ఉన్నాయి. పెళ్ళి చేసుకోకుండా రిటైరైపోయిన మాష్టారింట్లో కూడా అదే చేశాను. ఆయన మర్యాదస్థుడు కాబట్టి సుఖప్రసవం దగ్గర కూడా ఆమెన్ అన్నారు.

నేను లెక్కలో వేసుకోనిది కొబ్బరి బొండం. మా కోనసీమలో ఇంటికొచ్చిన మనిషిని వట్టి నోటితో పంపరు. మొదటి ఇల్లు మా మేనత్తది. అయ్యగారి బదులొచ్చినవాడివి ఖాళీగా వెళ్తావా అని బొండం కొట్టి చేతిలో పెట్టింది. తాగాను. ఆ కబురు నాకంటే ముందు వీధంతా నడిచింది. నిన్నటిదాకా నన్ను ఒరేయ్ అన్నవాళ్ళు కూడా ఆ పూట అండీలు తగిలించి, "మీ అత్తగారి చెట్టు నీళ్ళు తాగేరంట కదండీ, మా చెట్టేం పాపం చేసిందండీ?" అని నిలదీశారు. బొండం అంటే గ్లాసు కాదు. మా పేట బొండం ఒక్కోటి చిన్న చెంబు. ఒకరింట్లో తాగి ఇంకొకరింట్లో వద్దంటే క్రిస్మస్‌కి ముందు కొత్త తగువు నేనే పెట్టినవాణ్ణవుతాను. తాగుతూ పోయాను. మధ్యలో రెండు చోట్ల టీ కూడా ఇచ్చారు, గొంతు మంచిదవుతుందని.

అయ్యగారి రెండిళ్ళ రహస్యం నాకు కడుపులో బరువుగా అర్థం కావడం మొదలైంది. దారిలో మా ఇల్లే వచ్చింది. అమ్మ గుమ్మంలో నిలబడి, ముఖం అలా ఉందేంరా అంది. లోపలికి వెళ్ళి క్షణంలో వచ్చేయవచ్చు. కానీ స్టాప్‌వాచీ తిరుగుతోంది, ఒక్కో ఇంటికీ పట్టే సమయం తగ్గుతోంది, ఆ ఊపు చెడగొట్టుకోవడం నాకు ప్రాణం ఒప్పలేదు. ఊపిరి బిగబట్టి అమ్మకి చెయ్యి ఊపి ముందుకు సాగాను. ఒక పిచ్చివాడికి దేవుడు చూపించిన ఆఖరి బాత్రూము అది.

రాగం మామ్మ గుమ్మం ఎక్కేసరికి నా నడకే మారిపోయింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకు ముందు వారమే మా పేటలో సభలు జరిగాయి. బయటినుంచి వచ్చిన బోధకుడొకాయన ప్రభువు రాకడ గురించి చెబుతూ, ఆయన వచ్చిన క్షణాన ఆయనవాళ్ళు రెప్ప వేసి తీసేలోపు పైకి ఎత్తబడతారనీ, పక్కన కూర్చున్నవాడు కూర్చున్నట్టే మాయమవుతాడనీ, బట్టలు మాత్రం కుర్చీలో మిగులుతాయనీ కళ్ళకు కట్టినట్టు వర్ణించాడు. మిగిలిపోయినవాళ్ళ గతి ఇంకా బాగా వర్ణించాడు. అప్పటినుంచి రాగం మామ్మ పొద్దున్నే లేచి వీధిలోకి వచ్చి, జనం ఉన్నారో లేదో చూసుకుని గాని పళ్ళు తోముకోవడం లేదట.

ఆవిడ నాకోసం దాచిన బొండం అన్నింటికంటే పెద్దది. అది తాగేసరికి చెమటలు పట్టాయి. కోటు తీసి కుర్చీకి తగిలించాను, ఫోన్ కుర్చీలో పెట్టాను. నా ప్రార్థన మొదలుపెట్టబోతుంటే మామ్మ ఆపి, "అందరికీ చేసి అలిసిపోయుంటావు. ఇవాళ నేను చేస్తాను, కళ్ళు మూసుకో" అంది. ఆవిడ ప్రార్థనకీ రాగం ఉంది. లోకం పుట్టుకతో మొదలైంది. వెలుగు త్వరగానే అయిపోయింది గాని నీళ్ళ దగ్గర చాలాసేపు ఆగింది. సముద్రాలకి స్తోత్రం, నదులకి స్తోత్రం, గోదావరికి స్తోత్రం, మా ఇంటి ముందు పంట కాలవకి స్తోత్రం, సమయానికి పడిన వానకి స్తోత్రం. నేను కాళ్ళు మెలివేసుకుని దేవుణ్ణి ఆ పూటలో మొదటిసారి నిజంగా వేడుకున్నాను. జలప్రళయం దగ్గరికి వచ్చేసరికి నా వల్ల కాలేదు. కళ్ళు తెరిచి, పిల్లిలా లేచి, వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి మూలనున్న బాత్రూములోకి ఉత్తకాళ్ళతో పరిగెత్తాను. చెప్పులు వీధి మెట్ల మీదే ఉండిపోయాయి.

ఆ తర్వాత కొంతసేపు నాకీ లోకంతో పనిలేదు. మామ్మ పెద్దగా ఆమెన్ అనడం వినిపించింది. బదులు ఆమెన్ కోసం కాసేపు ఆగినట్టుంది. తర్వాత బాబూ అని పిలిచింది. తర్వాత వీధిలోకి వెళ్ళిన చప్పుడు, తిరిగొచ్చిన చప్పుడు (ఆ వేళప్పుడు మా వీధిలో మనిషి కనపడడు). ఆ పైన గోడ దగ్గర్నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"చెల్లీ, ఉన్నావా?"

అటువైపు గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది. ఎన్నో ఏళ్ళ తర్వాత వచ్చిన పిలుపు కదా. "ఉన్నానక్కా" అంది ములక్కాడల మామ్మ.

"నువ్వూ మిగిలిపోయేవా" అని రాగం మామ్మ గొల్లుమంది.

ఇక్కడున్నాను మామ్మా అని నేను అరవచ్చు. కానీ అయ్యగారి బదులు వచ్చిన మనిషి ఆ గదిలోంచి అరిస్తే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. పైగా పని సగంలో ఉంది. అటు ములక్కాడల మామ్మ బిందె బోర్లించి, గోడ ఎక్కి, ఇటు దూకినంత పని చేసి వచ్చేసింది. అబ్బాయి వెళ్ళిపోయాడనీ, కోటు కుర్చీలో ఉందనీ, చెప్పులు మెట్ల మీద ఉన్నాయనీ, తన జామకాయలన్నీ దొంగిలించి తిన్నవాణ్ణి తీసుకెళ్ళి తనని వదిలేశారనీ రాగం మామ్మ ఏడుస్తోంది. నిన్నెందుకు వదిలేస్తారక్కా, అన్ని పాటలు పాడేవు, అని చిన్నావిడ సముదాయిస్తోంది.

"ఆ చెప్పులు నీవేనే చెల్లీ. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నప్పుడే తెలిసింది. అంతమందిలో నావేనని అరిచేక ఏ ముఖంతో తెచ్చివ్వను?"

"నేను మాత్రం ఊరుకున్నానా అక్కా. నువ్వు పాట ఎత్తుకున్నప్పుడల్లా కావాలనే దగ్గేదాన్ని."

నేను తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి ఇద్దరూ తులసిమొక్కంత చిన్నవాళ్ళైపోయి, పెరటి పొయ్యి పక్కన ఒకరినొకరు కరుచుకుని ఉన్నారు. నన్ను చూసి బిగుసుకుపోయారు. రాగం మామ్మ నన్ను కాళ్ళనుంచి తలదాకా చూసి, కళ్ళు తుడుచుకుని, ఎంతో మర్యాదగా అడిగింది.

"ఏం బాబూ, నిన్ను వెనక్కి పంపించేసేరా?"

బాత్రూముకి వెళ్ళానని చెప్పాను. ముందు నవ్వింది ములక్కాడల మామ్మ. రాగం మామ్మకి మాత్రం వెంటనే అనుమానం వచ్చి, రాకడ కాకపోతే ఇందాక చెప్పుల గురించి తను అన్న మాట లెక్కలోకి రాదేమో అని నసిగింది. "అన్నావక్కా, నేను విన్నాను" అని చిన్నావిడ ఆవిడ చెయ్యి వదల్లేదు. ఆ పైన పెద్దావిడా నవ్వింది, నవ్వుతూనే మళ్ళీ ఏడ్చింది. నా మీద ఎవరికీ కోపం రాలేదు. అసలు నన్నెవరూ పట్టించుకోలేదు. మిగిలిన ఇళ్ళ సంగతి గుర్తొచ్చి కోటు తీసుకోబోతే ఇద్దరూ కలిసి కూర్చోబెట్టారు. ములక్కాడలూ ఎండు రొయ్యలూ కలిపి వండారు. తిని, చాప మీద పడుకుని, వాళ్ళ అత్తగారు వాళ్ళిద్దర్నీ పెట్టిన బాధలన్నీ విన్నాను. వాళ్ళు ఒకరి మాట ఒకరు అందుకుంటూ చెబుతుంటే పొద్దు వాలిపోయింది. కుర్చీలో స్టాప్‌వాచీ తిరిగి తిరిగి ఛార్జింగ్ అయిపోయి ఆరిపోయింది.

సాయంత్రం అయ్యగారికి జరిగింది జరిగినట్టు చెప్పుకున్నాను. ఆయన వాచిన మోకాలు రెండు చేతులతో పట్టుకుని, నొప్పికి మూలుగుతూ, నవ్వు ఆపుకోలేక అవస్థపడ్డారు. "ఇన్నేళ్ళూ నేను ఆ ఇంట్లో కూర్చుని సాధించలేంది నువ్వు లేచి వెళ్ళి సాధించేవురా అబ్బాయ్" అన్నారు. తర్వాత కళ్ళు తుడుచుకున్నారు. అవి నవ్వుకి వచ్చిన నీళ్ళని అప్పుడనుకున్నాను. క్రిస్మస్ రోజున కర్ర పట్టుకుని వచ్చి, ఇద్దరికీ పక్కపక్కన తనే బల్ల ఇచ్చారు. ఆరాధన అయ్యాక బయట మళ్ళీ గొడవ. రాగం మామ్మ తోడికోడలికి కొత్త చెప్పులు కొంటూ, ఎలాగూ కొట్టుకి వెళ్ళానని తనకీ అదే జత కొనుక్కుంది. ఏవి ఎవరివో తెలియక, నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అని తగువు పడి, చివరికి ఒక్కో కాలుకి ఒక్కో జతలోది తొడుక్కుని ఇంటికి వెళ్ళారు. జనవరిలో అయ్యగారు వెళ్ళిపోయారు. మిగిలిన ఇళ్ళు వెళ్ళేలోగానే, మోకాలి వాపు తగ్గాక, ఆయన రోజుకి రెండు చొప్పున పూర్తి చేశారు, బండి మీద తీసుకెళ్ళింది నేనే.

ఇప్పుడు ఆ కంపెనీలో నేనే మేనేజర్ని. సాయంత్రం కుర్రాళ్ళకి ఫోన్ చేస్తే "ఎన్నండీ" అనే మాట నాలిక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగి, రొయ్యలెలా ఉన్నాయండీ అంటాను. వాళ్ళకి అదేదో కొత్త రకం ఎత్తుగడలా తోచి ఇంకా ఎక్కువ భయపడుతున్నారు. ఆ కోటు ఇప్పుడు భుజాల దగ్గర పట్టదు గాని పారెయ్యలేదు. దాన్ని చూసినప్పుడల్లా, అది తొడుక్కుని కాళ్ళు మెలివేసుకుంటూ పరలోకానికి పనికొచ్చే పని చేస్తున్నాననుకున్న కుర్రాడు ముద్దొస్తాడు.

రాగం మామ్మ ఒక మధ్యాహ్నం కునుకులో వెళ్ళిపోయింది. పక్కన చాప మీదే పడుకున్న ములక్కాడల మామ్మ లేచి చూసేసరికి ఊపిరి లేదు. ఆదివారాలు వీలైనప్పుడు ఆవిడ దగ్గరికి వెళ్తాను. బొండం తాగి, ముందే పెరట్లోకి వెళ్ళొచ్చి, కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంటాను. ప్రార్థన మొదలుపెట్టే ముందు ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుంటుంది. "మా అక్క మట్టుకు చెప్పకుండా వెళ్ళిపోయింది. నువ్వు వెళ్తే చెప్పి వెళ్ళు బాబూ" అంటుంది. అక్క దగ్గర నేర్చుకున్నట్టుంది, ఆవిడా ఇప్పుడు లోకం పుట్టుకతోనే మొదలుపెడుతోంది, నీళ్ళ దగ్గర అంతే సేపు ఆగుతోంది. నేను వాచీ పెట్టుకునేది ఆ చేతికే. ఆవిడ గుప్పెట్లో అది కనిపించదు.