శుక్రగ్రహం కాగితం

బోర్గిల్డ్ త్వైట్‌కి యాభై ఎనిమిదేళ్ళు. పద్నాలుగు ఆవులు, మొగుడు పోయిన ఇల్లు, అమెరికాలో ఉత్తర డకోటా గోధుమ చేలు, అదీ ఆమె లోకం. వారానికి రెండు సాయంత్రాలు మాత్రం పాలకేంద్రం కప్పు మీదికి నిచ్చెనెక్కి, శత్రు విమానాలొస్తాయేమోనని ఆకాశానికి కాపలా కాసేది. జీతం లేదు. ఒక దుర్భిణి, కాపలాదారు గుర్తుగా ఒక చేతిపట్టీ, చూసింది రాయడానికి ఒక పుస్తకం. రెండేళ్ళలో ఒక్క పూట కూడా మానలేదు. మొగుడు పోయాక ఊరు ఆమెను పిలిచి అప్పగించిన పని అదొక్కటే.

1952 జూలైలో ఒకనాడు, ఎండ ఇంకా చుర్రుమంటుండగా, పావు తక్కువ అయిదుకి హాల్వర్సన్ అనే రైతు చేను మీద వెండి పళ్ళెంలాంటిదేదో వచ్చి ఆగింది. చప్పుడు లేదు. నాలుగు నిమిషాలుండి నిట్టనిలువునా లేచి పోయింది. చూసింది చూసినట్టు రాసింది, వైమానిక దళానికి ఫోనులో చెప్పింది.

ఊరు నవ్వింది. చర్చిలో కాఫీ తాగుతూ, "మాకూ రెండు పళ్ళేలు దించమను బోర్గిల్డ్!" అన్నాడు పాలకేంద్రం నడిపే ఓర్విన్ లియెన్.

మూడు వారాలకు విచారణ అధికారి దిగాడు. లెఫ్టినెంట్ ప్రూయిట్, నిండా పాతికేళ్ళు లేవు. ఆమె చేసిన ఆపిల్ పై అనే తీపి రొట్టె మూడు ముక్కలు తిని మూతి తుడుచుకున్నాడు.

"మీ ఆయన పోయి ఎన్నాళ్ళయింది మేడమ్? నిద్రమాత్రలేమన్నా వేసుకుంటారా?"

"నేను చూసినదాని గురించి అడగవేం బాబూ?"

అతను సంచిలోంచి అప్పటికే టైపు కొట్టిన కాగితం తీశాడు. ఆమె శుక్రగ్రహాన్ని చూసి పొరబడిందట.

"ఆ ఎండలో శుక్రుడా?"

"సంతకం పెట్టేయండి మేడమ్. లేదంటే కాపలా ఇంకొకరికి ఇవ్వాల్సొస్తుంది."

ఆమె అతని ముందున్న ప్లేటు లాగేసింది.

ఆలోచించుకోమని చెప్పి, అతను ఆమె ఫోనులోనే పై అధికారితో మాట్లాడాడు. ఆ తీగ మీద ఓర్విన్ ఇంటితో కలిపి ఎనిమిది ఇళ్ళున్నాయి. ఎవరు మాట్లాడినా ఎనిమిది ఇళ్ళూ వింటాయి. పట్నం మనిషికి ఆ సంగతి తెలియదు.

"ఒంటరి ముసలిది సార్. ఏదో ఊహించుకుంది. సంతకం పెడుతుంది లెండి."

"పెట్టదయ్యా!" ఓర్విన్ అరుపు రిసీవరు దాటి గదిలోకొచ్చింది. "పాలడబ్బాలు దించుతూ నేనూ చూశాను. నాలుగు నిమిషాలూ చూశాను!"

లెఫ్టినెంట్ మొహం కందిపోయింది. బోర్గిల్డ్‌కి మాత్రం సంతోషం కలగలేదు. కళ్ళారా చూసి కూడా చర్చిలో అంత వెటకారం చేశాడా! వాడికన్నా ఈ అబద్ధాల కొలువు చేసే కుర్రాడే నయమనిపించింది.

కలం తీసి టైపు అక్షరాలన్నిటి మీదా అడ్డంగా గీతలు గీసేసింది. కింద తన చేత్తో వేళ, దిక్కు, నాలుగు నిమిషాలు అని రాసి సంతకం పెట్టింది. కాగితం మీద చేతిపట్టీ, దుర్భిణీ పెట్టి ముందుకు తోసింది.

"తీసుకెళ్ళు. ఆపిల్ పై ఇంకో ముక్క అడక్కు."

శుక్రవారం ఓర్విన్ టోపీ చేత్తో పట్టుకుని ఆమె ఆవుల పాకలోకొచ్చాడు.

"కప్పు మీద ఎవరూ లేరు బోర్గిల్డ్. ఎవర్ని ఎక్కించమంటావు?"

"నువ్వే ఎక్కు. చూసి నోరు మూసుకునేవాడే కదా వాళ్ళకి కావాల్సింది," అని ఆమె ఆవు పొదుగు కడగసాగింది.