తెల్లచీర పరిచిన గిటార్ పెట్టె

పోయిన చలికాలం మా అమ్మ జ్వరంతో కడప ఆసుపత్రిలో పడి లేచింది. లేచినప్పటి నుంచి ఒకటే పాట. తాను పోయినప్పుడు కొత్త తెల్లచీర కొనొద్దంట, తన పెండ్లిచీరే కావాలంట. ఎర్రగుంట్లలో మా ఇంటి వరండాలో కుర్చీ వేసుకుని, దారిన పోయే సిమెంటు లారీలను చూస్తూ, అంగడి నుంచి ఏం కూరగాయలు తేవాలో చెప్పినంత మామూలుగా చెప్పేది.

"ఆ చీర యాడుందమ్మా? సగం నా బాప్తిస్మం గౌనుకు పోయె. సగం నాయన గిటార్ పెట్టెలోకి పోయె" అని నేను కసిరేదాన్ని.

"గౌను చినిగిపోయె. పెట్టెలోది ఉండాది కదా. అది తెచ్చియ్యి."

మా ఇళ్లల్లో పాతతరం ఆడవాళ్లకు ఆ పట్టింపు ఉండేది. చర్చిలో పెండ్లిరోజు కట్టిన తెల్లచీరను ట్రంకుపెట్టె అడుగున దాచుకునేవాళ్లు. పోయిననాడు దాన్నే కట్టించుకుని పోయేవాళ్లు. మా జేజి, అంటే నాయన్ను కన్నతల్లి, అట్లే పోయింది. అమ్మకు మాత్రం దాచుకున్న చీర లేదు. ఇన్నేండ్లుగా ఎప్పుడూ ఎత్తని ఆ సంగతిని ఆసుపత్రి నుంచి వచ్చినాక ఎత్తుకుంది. నాకేమో చావు మాట వింటేనే ఒళ్లు మండుతుంది. మండటం కాదు, భయం. నాకు భయమేసినా కోపమే బయటికి వస్తుంది. అట్లాంటి పూట మా ఆయన వంటింటి వైపే రాడు.

ఆ గిటారును నాయనకు నందికొట్కూరు హాస్టల్ వార్డెన్ ఒకాయన బదిలీ మీద పోతూ ఇచ్చిపోయినాడు. మాది నందికొట్కూరు దగ్గర పల్లె. నాయనకు కొంచెం మెట్టపొలం, చుట్టుపక్కల ఊళ్ల చర్చిల్లో పాటలు నడిపించే పని. అందరూ డోలకు, తాళాలతో పాడుతుంటే ఈయన ఒళ్లో మాత్రం గిటారు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి అని జేజి గొణిగేది. సైకిల్ మీద నల్లరేగడి బాటల్లో తిరిగి తిరిగి గిటారు తీగలు తెగేవి, చెక్క వదులయ్యేది. ఆఖరికి దానికొక పెట్టె చేయించాలని నాయన ఊరి వడ్లాయన దగ్గరికి పోయినాడు.

వడ్లాయన నాగళ్లు, గడపలు చేసేవాడు. మా వాళ్లలో ఎవరైనా పోతే పూడ్చడానికి పెట్టెలు కూడా ఆయనే చేసేవాడు. గిటారును అరుగు మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల నుంచి కాళ్లదాకా దారం పట్టి కొలిచినాడంట. ఆయనకు అలవాటైన కొలత అది. ఇంక పెట్టె ఎట్లొస్తుంది? తలవైపు సన్నం, కిందికి వెడల్పు, పైన నల్ల రెక్సిన్. దాన్ని క్యారియర్‌కు తాడుతో కట్టుకుని నాయన ఆ ఆదివారమే పక్కూరికి బయల్దేరినాడు.

ఊరి మొదట్లోనే ఒక అవ్వ గంప కింద పెట్టి ఎదురొచ్చింది. "ఎవరి బిడ్డ నాయనా? ఎన్నేండ్లది?" అని పెట్టె మీద చెయ్యేసి ఏడుపందుకుంది. ఆమెను చూసి ఇంకా కొందరు చేరినారు. నాయన ఎంత చెప్పినా వినలేదు. పాపం, కడుపుకోతతో ఏదేదో మాట్లాడుతున్నాడనుకున్నారు. చివరికి దోవలోనే తాడు విప్పి మూత తీసినాడు. అవ్వ లోపలికి తొంగిచూసి, కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఉత్తపుణ్యానికి నన్ను ఏడిపిస్తివి కదప్పా. ఇంగ పాడు" అనిందంట. అక్కడే నిలబడి పాడితేగాని కదలనియ్యలేదంట. ఈ కథ చెప్పేటప్పుడు అవ్వ గొంతు కూడా నాయనే పట్టేవాడు. మాకు నవ్వుతో అన్నం పొలమారేది.

పెట్టెలో లోపలంతా వట్టి చెక్క. గుంతల దోవల్లో గిటారు దానికి కొట్టుకుని గీతలు పడ్డాయి. మెత్తటి గుడ్డ పరచాలి. మా ఇంట్లో మెత్తటి గుడ్డ అంటే ఒకటే. అమ్మ ట్రంకుపెట్టె తెరిచి తన పెండ్లిచీర బయటికి తీసింది. సన్నటి వెండిజరీ అంచున్న నూలుచీర. నేనప్పుడు చంటిపిల్లను. సగం నా గౌనుకు కత్తిరించి పెట్టి, మిగిలిన సగాన్ని పెట్టె కొలతకు కత్తిరించుకుంది. మైదాపిండి ఉడకబెట్టి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపి, కింద పాత దుప్పటి గుడ్డ పరిచి, పైన ఆ చీరను ముక్కలు చెయ్యకుండా అడుగు నుంచి మూతదాకా ఒకటే గుడ్డగా అంటించింది.

"పోయేనాడు ఏం కట్టుకోని పోతావే?" అని జేజి అరిచిందంట. నాయన మధ్యలోకొచ్చి, "నేను కొనిస్తాలే" అన్నాడంట.

కొనియ్యలేదు. అది పూర్తిగా ఆయన తప్పు కూడా కాదు. అంగడికి పోయి తెల్లచీర అడిగితే, మొగుడు నిక్షేపంగా బతికుండగా పెండ్లానికి తెల్లచీరేందని అంగడాయన చూసిన చూపుకు నాయన తడబడి రంగుచీర పొట్లం కట్టించుకుని వచ్చేవాడు. అట్లా అమ్మకు ఒక పచ్చది, ఒక వంకాయరంగుది చేరినాయి. తెల్లది మాత్రం రాలేదు.

నాయన పోయినాక గిటారును మా పల్లె చర్చిలో పాడేవాళ్లకే ఇచ్చేసినాం. వాళ్లు వాయించి వాయించి విరగ్గొట్టినారు. మూలన పడి చెదలు పట్టడం కన్నా అదే మేలు. ఉత్త పెట్టె చర్చి వెనక సామాన్ల గదిలో ఉండిపోయింది. అమ్మ నా దగ్గరికి వచ్చేసింది.

ఈ ఎండాకాలం మొదట్లో ఆ పల్లె పాస్టరమ్మ ఫోన్ చేసింది. చర్చి పైకప్పు విప్పుతున్నారంట, సామాన్ల గది ఖాళీ చేస్తున్నారంట.

"గిటార్ పెట్టెలు మూడుండాయక్కా. మీదేదో చూసి తీసుకపోండి. ల్యాకుంటే వాటిని పొయ్యిలోకి ఎయ్యాల్సిందే."

మూడెందుకంటే, నాయనను చూసి తర్వాత గిటారు పట్టిన పక్క ఊళ్ల వాళ్లు ఇద్దరు కూడా ముచ్చటపడి ఆ వడ్లాయన దగ్గరే పెట్టెలు చేయించుకున్నారు, అవీ ఆఖరికి ఆ గదికే చేరినాయి. పాస్టరమ్మ వాట్సాప్‌లో ఫోటోలు పంపింది. మూడూ నల్లటి దుమ్ముముద్దలే. అమ్మ ఫోన్‌ను కండ్లకు ఆనించుకుని అటూ ఇటూ తిప్పింది.

"దీంట్లో ఏం తెలుస్తాదిమ్మే? నువ్వు పోయి చూసిరా. బిన్నా పో, ఆలీసం చెయ్యాకు."

పోకపోతే ఆమె చీర పొయ్యిలో కాలిపోతుంది. అంతవరకు నేను కసురుకున్న మాటే, ఆ రోజు నా కాళ్లకు చక్రాలు కట్టింది. రైల్లో నంద్యాల పోయి, అక్కడ బస్సెక్కి, మధ్యాహ్నానికి ఊరు చేరినాను.

మూడు పెట్టెలనూ చర్చి ముందర బేతంచెర్ల బండల మీద వరసగా పెట్టించినాను. ఒకదానికి మూత మీద ఎవరో పేరు చెక్కించుకున్నారు, దాన్ని పక్కకు నెట్టినాను. మిగిలిన రెండూ కవలపిల్లలే. రెండింట్లోనూ క్రిస్మస్ నక్షత్రాల వెదురు పుల్లలు, చిరిగిన రంగుకాగితాలు. రెండింట్లోనూ గుడ్డ గోధుమరంగుకు తిరిగి, మీద తెల్లటి బూజు. మూత తీస్తే ముక్కిన జొన్నల వాసన, ఎలుకల కంపు కలిసి గొంతులోకి పోయినాయి. తెల్లచీర కోసం వచ్చిన నాకు ఎక్కడా తెలుపే కనపడలేదు.

"ఏదో ఒకటి తీసుకపోండక్కా, పెద్దామెకు ఏం తెలుస్తాది?" అనింది పాస్టరమ్మ. మంచిమనిషే, కానీ ఆ మాటకు నేను చూసిన చూపుకు చీపురు తీసుకుని గదిలోకి పోయింది.

అమ్మకు ఫోన్ చేసినాను. మొదటి రింగుకే ఎత్తింది. ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చున్నట్టుంది.

"అంచు పట్టి కొంచిం లాగు. జిగురు సూడు."

ఒకదాని అంచు లాగితే ఉత్త పొడి రాలింది. అడుగు మూలల్లో ఎలుకలు కొరికి బొక్కలు పెట్టినాయి. రెండోదాని అంచు లాగితే గుడ్డ వెనక, చెక్కకు అతుక్కుని, నీలిపచ్చ మరకలు. మైలుతుత్తం. ఆ గుడ్డను పురుగు ముట్టలేదు, ఎలుక ముట్టలేదు.

"నీలంగా ఉండాదమ్మా" అన్నాను. "పైలంగా తీసుకరా" అనింది.

తిరుగు బస్సులో కండక్టర్ ముక్కు మూసుకుని నన్ను వెనక సీట్లోకి పొమ్మన్నాడు. పోయినాను. ఒళ్లో పెట్టె పెట్టుకుని కూర్చున్నాను.

అమ్మకు దగ్గు ఉంది కాబట్టి పెట్టెను ఇంట్లోకి రానివ్వలేదు. మేడ మీదికి చేర్చి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పొడి బ్రష్‌తో ముందు బూజు రాల్చినాను. నీళ్లు పోస్తే చెక్క ఉబ్బుతుంది, అందుకని మూత తెరిచి ఎండకు పెట్టినాను. మా సీమలో ఏది కరువైనా ఎండకు కరువు లేదు. రోజూ పొద్దున తెరవడం, సాయంత్రం సాంబ్రాణి పొగ పట్టించడం. అట్లా కొన్నాళ్లకు కంపు మెల్లగా తగ్గింది.

కంపు తగ్గినాక దానడుగున ఇంకో వాసన తేలింది. కొబ్బరినూనె, తుప్పు. నాయన తీగలకు తుప్పు పట్టకుండా కొబ్బరినూనె పూసేవాడు. ఆ చేతులతోనే మా తలలు నిమిరేవాడు. నేను బ్రష్ పక్కన పెట్టి పెట్టె ముందర కూలబడి ఏడ్చినాను. వాసన పోగొట్టాలని ఇన్నాళ్లు ఒళ్లు వంచినదాన్ని, ఈ ఒక్క వాసన పోతుందని ఆ రోజంతా చెయ్యి పెట్టలేకపోయినాను. గుడ్డ తీసి ఉతికితే అది మళ్లీ దొరకదు. కింద నుంచి అమ్మ, "ఇంగా కాల్యాదా?" అని అడుగుతూనే ఉంది. బతికున్న మనిషి అడుగుతోంది. మర్నాడు లేచి పని మొదలుపెట్టినాను.

తడిగుడ్డలు పరిచి జిగురు నానబెట్టి, మూత వైపు నుంచి అంచులు వదిలించుకుంటూ వచ్చినాను. ఎక్కడా చిరగకుండా ఊడి వచ్చింది. జిగురంతా పోయేదాకా నీళ్లు మార్చి మార్చి జాడించి, కుంకుడురసంలో నానబెట్టి ఉతికినాను. ఎర్రగుంట్లలో తెల్లగుడ్డ బయట ఆరేస్తే సాయంత్రానికి సిమెంటురంగు తేలుతుంది కాబట్టి, ఇంట్లో ఫ్యాను కింద దండెం కట్టినాను. ఆరినాక చూస్తే గంజిరంగు. జరీ నల్లబడిపోయింది. నడుమ గిటారు పడుకున్నంత మేర పొగచూరిన మరక, ఎంత రుద్దినా పోలేదు.

దాన్ని నేల మీద పరిచి పక్కన నేను పడుకుని చూసుకున్నాను. నా భుజాల నుంచి మోకాళ్లకు కూడా రాలేదు. అంత చిన్న గుడ్డ. దీన్ని కట్టలేం, కప్పలేం. అమ్మకు ఏమని చెప్పాలి? ఇంత ఆశ పెట్టుకున్న మనిషికి, తెచ్చినాను గానీ చాలదమ్మా అని ఏ నోటితో చెప్పాలి?

శనివారం మధ్యాహ్నం ఆమె ఒళ్లో పెట్టినాను. అమ్మ అంచు వెంబడి వేళ్లతో తడుముకుంటూ పోయింది. మరక దగ్గర ఆగింది.

"సూడు సూడు. నా పెండ్లిచీర మీద ఆ గిటారు ఎంత దర్జాగా పండుకోనుండాదో. నేనేమో ఈతచాప మీద" అని కిసుక్కున నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. "అమ్మా, ఇది చాలదు. నిండా కప్పడానికి కూడా రాదు" అనేసినాను.

అమ్మ గుడ్డను విప్పి రెండు చేతులా పట్టుకుని చూసింది. మడిచింది. మళ్లీ విప్పింది.

"చచ్చినాక కప్పితే నాకేం తెలుస్తాదిమ్మే? ముసుగుకు వస్తాదేమో సూడు. రేపు ఆదివారమే కదా, చర్చికి ఏసుకోని పోతా."

"మరి పోయేనాడు?"

"అది నీ ఇష్టం. నేనేమన్నా సూడొస్తానా?"

ఆదివారం పొద్దున తల దువ్వి, కొప్పు వేసి, అద్దం ముందర స్టూలు మీద కూర్చోబెట్టినాను. గుడ్డను తల మీదుగా తెచ్చి రెండు భుజాల మీదికి జార్చినాను. మా ఇళ్లల్లో పెండ్లికూతురికి ముసుగు వేసి పిన్నులు పెట్టేది తల్లి. నా బిడ్డకు నేనే పెట్టినాను, నాకు అమ్మే పెట్టింది. పిన్ను నా పండ్ల మధ్య ఉంది. అమ్మ అద్దంలో తనను తాను చూసుకుంటూ ఉంది.

"నా పెండ్లినాటికి మాయమ్మ ల్యాకపాయె" అనింది. "నా ముసుగు నేనే ఏసుకుంటి. వంకరగా ఉండాదని అందరూ నగిరి. గట్టిగా పెట్టమ్మే, జారకుండా."

మొదటిసారి పిన్ను తప్పింది. తీసి మళ్లీ పెట్టినాను.